కడుపు దాచుకోవద్దన్న ఆపా

ఆపా పోయిందని కోరుట్ల నుంచి ఫోను వచ్చినప్పుడు నేను సిరిసిల్లలో, కుట్టు యూనిట్‌లో నా మిషను ముందే ఉన్నాను. మోతలో సరిగా వినబడక రెండుసార్లు అడిగాను. నా ముఖం చూసి పక్క మిషన్లు ఒక్కొక్కటీ ఆగాయి. కిడ్నీలు పాడయ్యాయని, డయాలసిస్ కోసం జగిత్యాల తిప్పుతున్నారని మాకందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన గుండె రాయి అవుతుందా? కాలరు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

ఆపా అంటే ఉర్దూలో అక్క. హిందువులం, ముస్లింలం అందరం ఆమెను అలాగే పిలిచేవాళ్లం. ఆమెకంటే పెద్దవాడైన వాచ్‌మన్ కూడా ఆపా అనేవాడు. మా లైన్‌కు ఆమె సూపర్‌వైజరు. లైన్ అంటే ఒకదాని వెనక ఒకటి వేసిన మిషన్లు. ఒకరు కాలరు కుడితే ఇంకొకరు చేతులు కుడతారు, చివరి మిషను దగ్గరికి వచ్చేసరికి చొక్కా అవుతుంది. ఆపా, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, వాటి కోసమే వరుసంతా వెతికే మనిషి. ఎవరి కుట్టయినా వంకర పోతే పక్కన కూర్చుని తనే విప్పేది, విప్పినంతసేపూ తిట్టేది. "ఓ మహారాణీ, కలలు ఇంటికాడ కనాలె, ఈడ కాదు" అనేది. తిట్లు తిన్నవాళ్లకే మధ్యాహ్నం ఆమె డబ్బాలోని ఖట్టీ దాల్, ఆ పుల్లటి పప్పు, ఎక్కువ దక్కేది. నేను చాలా ఖట్టీ దాల్ తిన్నాను.

నాకు నెల తప్పినప్పుడు మా అత్త ఒకటే చెప్పింది, "ఎవ్వలకు చెప్పకు, దిష్టి తాకుతది" అని. నా భయం దిష్టి గురించి కాదు. మా ఆయన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేస్తాడు. అప్పుడు అవి నడిచిన రోజులకంటే బందు ఉన్న రోజులే ఎక్కువ. ఇల్లు నా మిషను మీదే నడుస్తోంది. మా యూనిట్‌లోనేమో కడుపు కనబడగానే "పని తక్కువుంది, కాన్పు అయినంక రా" అని పంపిన సంగతులు ఉన్నాయి. కాన్పయ్యాక వస్తే ఆ మిషను మీద ఇంకెవరో కూర్చుని ఉండేవారు.

కాన్పు సెలవులో ఉన్నవాళ్లను తీసేయకూడదని చట్టం ఉంది. అందుకని సెలవు మొదలవకముందే పంపించేవారు. తర్వాత ఎవరైనా నిలదీస్తే, ఆమె కడుపుతో ఉన్నట్టు మాకు తెలియనే తెలియదు, పని తగ్గి తీశాం అనేవారు. మేమేమో దిష్టికి భయపడి, పని పోతుందని భయపడి, చున్నీల కింద కడుపు దాచుకుని వాళ్ల అబద్ధాన్ని మేమే నిజం చేసేవాళ్లం.

ఆపా దగ్గర ఆ దాపరికం సాగలేదు.

"ఎన్నో నెల?" అంది ఒక రోజు, నా పక్కన కూర్చుని.

"ఏం లేదు ఆపా."

"కుర్చి ఎనుకకు జరుపుకుంటున్నవ్. పొట్టకు జాగ ఇస్తున్నవ్. నేనేమన్న నిన్న మొన్న పుట్టిన్నా?"

నాకు ఏడుపొచ్చింది. అప్పుడు తన సంగతి చెప్పింది. పెళ్లయిన కొత్తలో జగిత్యాలలో ఒక రెడీమేడ్ దుకాణం వెనక గదిలో కుట్టేదట. "నేను బురఖల దాసిన. మస్తు తెలివిగ దాసిననుకున్న. సీజన్ అయిపోంగనే తీసేసిండ్రు. కడుపుతోని ఉన్న సేఠ్ అంటే, ఎన్నడు చెప్పినవ్ అన్నడు. నిజమే గద చెల్లే, నేను ఎన్నడు చెప్పిన?" ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. అప్పుడు కడుపులో ఉన్నవాడే ఆమె ఒక్కగానొక్క కొడుకు.

నాకు ఏడో నెల పడగానే ఒక మధ్యాహ్నం అన్నాలవేళ ఆపా సంచీ నిండా గాజులతో వచ్చింది. కోరుట్లలో ఆమె పుట్టింటివాళ్లది ఇంటింటికీ తిరిగి గాజులు తొడిగే పని. ఆపా కూడా ఎంత బిగుతు చేతికైనా నొప్పి తెలియకుండా ఎక్కించేది. కానీ మా యూనిట్‌లో గాజు గాజులు నిషేధం. పగిలితే ముక్క బట్టలోకి పోతుందని. ఆ సంగతి ఆపాకు తెలియక కాదు. మేనేజర్ దగ్గరికి మనిషిని పంపి పిలిపించింది.

"సార్, మా చెల్లెకు ఏడో నెల పడ్డది. గాజులు తొడుగుతున్న. పొద్దుగూకేదాక ఉండనియ్యి, నువ్వు సరే అంటేనే."

"ఎవరికమ్మా?"

"గీమెకు. మంచిగ చూడు సార్, మల్ల మర్చిపోతవ్."

ఆడవాళ్లంతా నవ్వారు. అంతమంది చూస్తుంటే ఆయన కాదనలేకపోయాడు. ఆపా ఆయన చేతిలో లడ్డు పెట్టింది. "సంతోషమమ్మా, పైలంగ ఉండు" అని అందరి ముందూ నాతో అన్నాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. సాయంత్రం ఆపాతో పోట్లాట పెట్టుకున్నాను. "నన్ను బజార్ల నిలబెట్టినవ్" అన్నాను.

"నలుగుర్ల అన్న మాటనే నిలుస్తది చెల్లే. చెవుల చెప్పింది వాళ్లు మింగేస్తరు" అంది.

కొన్ని వారాలకే ఆర్డర్లు తగ్గాయి. ప్రతి లైన్‌లో ఒకరిని తీసేస్తున్నామని మేనేజర్ వచ్చి, మా దగ్గర నా పేరు చదివాడు. "ఎట్లనన్న వచ్చే నెల ఇంటికాడనే ఉంటవ్ గదమ్మా, కాన్పు అయినంక చూద్దాం" అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనం ఎటు తీసుకుపోతుందో నాకు తెలుసు.

ఆపా లేచింది. "కడుపుతోని ఉన్నదని తీస్తున్నవా సార్?"

"అట్ల కాదు. పని తగ్గింది."

"పని తగ్గితే గీమె పేరే ఎందుకొచ్చింది? ఈమెకంటే ఎనుక వచ్చినోళ్లు ఎంతమంది ఉన్నరు? లడ్డు తిన్నవ్, సంతోషమన్నవ్. ఇయ్యాల తెల్వదంటవా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ముఖం ఎర్రబడింది. "సరే, మరి ఎవర్ని తియ్యాలె? నువ్వే చెప్పు ఆపా" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. చివర వచ్చినవాళ్లు ముందు పోవాలన్నది ఎక్కడైనా ఉన్న పద్ధతే. మా లైన్‌లో చివర వచ్చింది ఆపా కోడలు. ఆపాయే చేయి పట్టుకుని తీసుకొచ్చి, గుండీల మిషను మీద కూర్చోబెట్టి పని నేర్పింది. అది తెలిసే అడిగాడు ఆయన. ఆ పిల్ల దారం చేతిలో పట్టుకుని అత్త వైపే చూస్తోంది. వద్దు ఆపా, నేనే పోతాను అందామనుకున్నాను. ఇల్లు గుర్తొచ్చి ఆగిపోయాను.

ఆపా కోడలి వైపు చూడలేదు. "ఎనుక వచ్చినోళ్లు ముందుగాల పోతరు సార్. మా కోడల్ని తియ్యి" అంది.

నా మిషను మిగిలింది. సెలవుకు పోయి, కూతుర్ని కని, తిరిగొచ్చి అదే మిషను మీద కూర్చున్నాను. కానీ ఆ ఇంట్లో చాలా రోజులు అత్తాకోడళ్లకు మాటల్లేవని విన్నాను. ఒకసారి ఆపా చేతులు పట్టుకుని ఏదో చెప్పబోతే కసిరింది. "నీ మీద పావురంతోని, ప్రేమతోని చేసిన అనుకోకు. నా ఇంటి మనిషి అని ఒక్కపాలి పద్ధతి తప్పితే, రేపు ఎవ్వల కోసం నోరు తెరుస్త నేను?" అంది. తర్వాత, "ఇంట్ల రొట్టె మాత్రం గొంతు దిగుతలేదు చెల్లే" అంది. ఆమె అంత చిన్నబోయి మాట్లాడటం నేను అప్పుడొక్కసారే విన్నాను. ఆ ఏడాదే కొడుకూ కోడలూ కోరుట్ల వెళ్లిపోయారు. జబ్బు ముదిరాక ఆపా కూడా వాళ్ల దగ్గరికే చేరింది.

జియారత్ రోజు, అంటే మూడో రోజు ప్రార్థనలకు, కోరుట్ల వెళ్లాను. ఆపాను తలుచుకుని ఏడవగలను గానీ, ఆ కోడలి ముఖం ఎలా చూడాలో తెలియలేదు. ఆమే చాయ్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నిండు కడుపు. జగిత్యాలలో ఒక సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ దగ్గర పనిచేస్తోందట. రోజూ బస్సులో పోయి వస్తుంది.

"మీకు తెల్సా అక్కా, ఆఖరి దినాలల్ల అత్తమ్మకు నా చేతి అన్నమే కావాలె" అంది. తర్వాత గొంతు తగ్గించకుండానే, "మా దుకాణంల ఒక కౌంటర్ బంద్ చేస్తున్నరు. నన్నే తీస్తరట. రేపు రమ్మన్నరు. నాకంటే ఎనుక వచ్చినోళ్లు ముగ్గురున్నరు" అంది.

ఆ రాత్రి అక్కడే ఉండిపోయి, పొద్దున ఆమెతో పాటు జగిత్యాల బస్సెక్కాను. దారి పొడుగునా భయపడింది నేనే. దుకాణం అప్పటికే జనంతో ఉంది. మేనేజర్ కుర్రవాడు మమ్మల్ని చూసి గబగబా వచ్చి, "ఆఫీసు గదిలోకి రా అమ్మా, నిమ్మళంగా మాట్లాడుకుందాం" అన్నాడు.

ఆమె కదల్లేదు. చున్నీ కూడా ముందుకు లాక్కోలేదు. ఉప్పులూ పప్పులూ పట్టుకుని వరుసలో నిలబడ్డవాళ్లంతా ఇటు తిరిగారు.

"ఈడనే మాట్లాడుదం సార్" అంది.