నీటికుక్కల బోను

2003లో నేను దుర్గ్ కోర్టు ఆవరణలో పిటిషన్ రైటర్‌ని. అంటే చదువురాని వారి తరఫున అర్జీలు, జవాబులు రాసి, వేలిముద్ర వేయించేవాణ్ణి. రాసిన ప్రతిదానికీ నకలు ఉంచుకోవడం నా అలవాటు. వాటిలో ఒకదాని మీద అడ్డంగా రెండు గీతలు ఉంటాయి.

భిలాయిలోని ఖుర్సీపార్ నుంచి అప్పలస్వామి అనే ఎనభై దాటిన వృద్ధుడు వచ్చాడు. ఆయన ఇంటి గోడకున్న ఇనుప దవడల బోనును అటవీ సిబ్బంది పట్టుకెళ్లారు. సీజర్ మెమోలో, అంటే స్వాధీన పత్రంలో, వృత్తి అన్నచోట ‘వేటగాడు’ అని రాశారు. వారంలో జవాబు ఇవ్వకపోతే కేసు. ఆ వయసులో జైలు.

నేను అందరికీ రాసినట్టే రాశాను: ‘తెలియక చేసిన తప్పు, వృద్ధుణ్ణి, క్షమించగలరు.’ చదివి వినిపించాను. ఆయన సిరాడబ్బా వైపు వేలు చాపలేదు.

“సెయ్యని తప్పుకి సెమాపణేటి బాబూ? మాఫీ అడిగితే ఒప్పీసుకున్నట్టు కాదా?”

“మరి బోను ఎందుకు ఉంచుకున్నావు తాతా?”

“రాసీసినాక అడుగుతున్నావు.”

కలం కింద పెట్టాను. ఒకప్పుడు సాలూరు ఘాటీ ఎక్కి బస్తరు వైపు ఉప్పు బళ్ళు వెళ్ళేవట. ఈయన ముందు నడిచేవాడు. వెనక నలభై బళ్ళ చక్రాల మోత, ముందు పొగమంచు. ఏ రేవులో బండి దిగబడదో పాదాలతోనే తెలుసుకొనేవాడు. ఎడ్లు సేదతీరే వేళ వాగుల్లో నీటికుక్కలకు బోను పెట్టేవాడు. ఆ మెత్తటి తోళ్ళు షావుకార్లు కొనేవారు. వింటుంటే కోర్టు గోల సన్నగిల్లింది. నేనూ ఆ మంచులో, పెదవుల మీద ఉప్పుతో, ఆయన వెనకే నడిచాను.

“లారీలొచ్చీసినాయి. ఆకరి బిడారు తిరిగొచ్చిన రోజున బోను స్ప్రింగు పీకి ఏట్లో ఇసిరీసినాను. దారే పోనాది, ఇంక ఆ జీవాల్ని సంపడమెందుకు? బిలాయొచ్చి ఉక్కు ఫేక్టరీకి కాంక్రీటు మోసినాను. ఉత్త దవడలు గోడకెట్టుకున్నాను. సూస్తే దారి అగుపడతాది.”

నకలు మీద రెండు గీతలు కొట్టి, ‘బోనును పరీక్షించగలరు’ అని కొత్త జవాబు రాశాను. అటవీ ఆఫీసులో అధికారి మా ఎదుటే దవడలు తెరిచి స్కేలుతో పొడిచాడు. అవి కదలలేదు.

“యే తో దాంత్ దిఖాకే సో రహా హై, బాబా,” అన్నాడు. పళ్ళు చూపిస్తూ నిద్రపోతోందట. కేసు లేకుండానే బోను తిరిగి ఇచ్చారు.

ఒక మనిషి నడకనంతా ‘వేటగాడు’ అన్న ఒక్క మాటలో బిగించిన వారి మీద నాకు ఇప్పటికీ కోపమే. అయితే వస్తువును చూడకుండా, మనిషిని అడగకుండా, ఆయన చేత నేరం ఒప్పించబోయినవాణ్ణి నేను. ఆ తరువాత ‘క్షమించగలరు’ అన్న మాటను అడగనిదే ఎవరికీ రాయలేదు.

బోను అందినట్టు రసీదులోనూ వృత్తి గడి ఉంది. ‘బళ్ళకు దారి చూపినవాడు’ అని రాసి చదివాను. ఆయన నా సిరాడబ్బా తనే దగ్గరకు లాక్కున్నాడు.