నొక్కమన్న చెయ్యి

పోయినేడు విజయనగరంలో ఎమ్మారై తీయించుకుని బొబ్బిలి బస్సెక్కాను. మోచేతి దగ్గర తెగిన నరాన్ని అంతకు ముందే కుట్టారు. దాని కింది కండ ఫిల్ములో తెల్లగా ఉంటే నరం ఇంకా అక్కడిదాకా పెరగనట్టు, నలుపు తిరిగితే కోలుకుంటున్నట్టు. పాత ఫిల్మునీ కొత్త ఫిల్మునీ కిటికీ వెలుగులో మార్చి మార్చి చూస్తున్నాను. ఒక్క క్షణం కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

పక్కన ఖాళీ కూరగాయల గంపతో కూర్చున్న పెద్దామె విసుక్కుంది.

"ఏటి బాబూ, అస్తమానం ఆ పటాలే సూస్తన్నావు? ఏటయినాది?"

చెప్పాను. వెంటనే తన చెయ్యి నా వేళ్ళ మధ్య పెట్టింది.

"గట్టిగా నొక్కు."

పళ్ళు బిగబట్టి నొక్కాను. ఇంట్లో ఇలా నొక్కితే, "పట్టు బాగా వచ్చిందిరా" అనేవాళ్ళు.

"ఏటీ తెలీడం నేదు," అందామె. "మళ్ళా కనబడితే నొక్కు, సెప్తాను."

గజపతినగరంలో దిగిపోయింది.

ఈమధ్య ఫిల్ములో నలుపు తిరిగింది. డాక్టరు సంతోషించాడు. ఇంట్లోవాళ్ళు ఎప్పటి మాటే అన్నారు. నేను మాత్రం బస్సు గజపతినగరంలో ఆగినప్పుడల్లా సీట్లోంచి లేచి, ఎక్కేవాళ్ళలో ఆ గంప కోసం చూస్తుంటాను.