మా గొర్రెల వంతుకు నా సొంత బ్లాక్‌చెయిన్

మొన్న సోలార్ గేటుకాడ నాకు జరిగిన మర్యాద ఇనండప్పా. మా గొర్రెలు గూడా నన్ను చూసి మొగం తిప్పుకున్నాయి. తలుచుకుంటే ఇప్పుటికీ ఒళ్లు మండుతాది!

మాది వల్లూరు. ఇంటికాడ నుంచే బెంగళూరు కంపెనీకి కోడింగ్ చేస్తా. ఊరి పక్కన సోలార్ ప్లాంటులో వానకు ప్యానెళ్ల మధ్య గడ్డి మొలిస్తే, రోజుకొక మందను లోపలికి వదుల్తారు. వంతుకాడ ప్రతిసారీ కొట్లాటే. "ఎవురూ మార్చల్యానట్ల ఫోన్లో పెట్టప్పా" అన్నారు ఊర్లోవాళ్లు. తొలి వంతు మా అమ్మది. మేత ల్యాక మా గొర్రెలు ఎముకలు తేలి ఉండాయి.

నా ఫ్రెండు సురేశు చెప్పినాడు. "రెడీగా నడిచే బ్లాక్‌చెయిన్ ఉండాది, ఒకసారి రాస్తే ఎవురూ మార్చల్యాని లెక్కల పుస్తకమట్ల. దాని మీద యాప్ కట్టేకి ఫ్రేమ్‌వర్కూ ఉండాది. వంతు రూల్స్ రాసుకుంటే చాలు, వారంలో అయిపోతాది."

నేను ఇంటినా? "అట్లాంటి యాప్‌లు ఎవుడైనా చేస్తాడు! నేను అడుగు నుంచి సొంత బ్లాక్‌చెయినే కడతా" అన్నా. పొగరు! మూడిండ్లలో మూడు కంప్యూటర్ పెట్టెలు పెట్టినా. రెండన్నా కలిసి ఊ అంటేనే వంతు ఖాయం. కరెంటు పోతాదని పెట్టెకొక ఇన్వర్టర్ గూడా. పొద్దున ఎనిమిది లోపల ఖాయం కాకపోతే వంతు తర్వాతోళ్లకు పోవల్ల. ఆ రూలూ నేనే రాసినా, ఎవురూ మార్చల్యానట్ల!

ఆ పొద్దు గేటుకాడ నేను, అమ్మ, మంద. ఫోన్లో చక్రం తిరుగుతానే ఉండాది. "యాప్‌లో పేరు రాకుంటే వదలను" అన్నాడు సెక్యూరిటీ ఆయప్ప. నా భార్య లక్ష్మికి ఫోన్ కొట్టినా.

"పెట్టె లైటు వెలుగుతాందా?"

"ల్యా. కరెంటు పోయింది. ఇన్వర్టర్‌కు మిక్సీ పెట్టినా. శెనక్కాయల చట్నీ చేయొద్దా?"

"పెట్టె పిన్ను పీకినావా!"

"ఉండేది ఒక ప్లగ్గే గదా! ఊరికే అరవొద్దు."

రెండో పెట్టె మా పెద్దమ్మ ఇంట్లో. ఆమెకూ ఫోన్ కొట్టినా. "మీ ఇన్వర్టర్‌కు మిక్సీ తిరుగుతాదని లక్ష్మి చెప్పె. మేమూ తిప్పినాము నాయనా" అనింది. మూడో పెట్టె ఒక్కటే ఊ అంటే చాలదు. చుట్టూ కండ్లకు ఆనినంత దూరం సోలార్ ప్యానెళ్లు, ఊర్లో చట్నీకి కరెంటు ల్యాదు! ఎవురిని తిట్టల్ల చెప్పండి?

ఎనిమిది దాటినాక చట్నీ అయినట్లుండాది. పెట్టెలు రెండూ లేచి, వంతు మా వెనక మందతో నిలబడిన నరసింహప్పదని ఒకటే మాట చెప్పినాయి. "బో బాగుండాదప్పా నీ యాప్!" అని నరసింహప్ప నవ్వుకుంటా తన మందను లోపలికి తోలినాడు.

అమ్మ నా మీదికొచ్చింది. "మార్చురా!"

"మార్చేకి కాదమ్మా. దాని గొప్పే అది."

"నువ్వు రాసిందాన్ని నువ్వే మార్చల్యాకపోతే, నీకు జీతమెందుకురా ఇచ్చేది? మళ్లీ వంతు వచ్చేదాకా గొర్రెలకు గడ్డి నువ్వే కోసకరా, పో!"

నిన్న గట్టు మీద గడ్డి కోస్తాంటే సురేశు ఫోన్ చేసినాడు. "ఇప్పుడన్నా ఆ ఫ్రేమ్‌వర్క్ లింక్ పంపల్లా?"

"అది తర్వాత. ముందు కొడవలికి సాన పట్టేటోడు ఎవుడన్నా ఉంటే నంబర్ పంపప్పా" అన్నా.