ట్రేసింగు గుడ్డ మీద ఊరు

ఏటిపాడు అనే ఊరిని ముంచటానికి సాగర్ డ్యాముకి పన్నెండేళ్ళు పట్టింది. కొండంత రాయి పట్టింది, లెక్క తెలియనంతమంది కూలీలు పట్టారు. అదే ఊరిని ట్రేసర్ గోపాలకృష్ణయ్య ఒక మధ్యాహ్నం పూట, కుర్చీలోంచి లేవకుండా, అర గ్లాసు నీళ్ళతో రెండోసారి ముంచేశాడు. విజయపురి సౌత్ బస్టాండులో ఈ మాట నమ్మనివాణ్ణి మాచర్ల బస్సు ఎక్కనివ్వరు.

ట్రేసరంటే ఇంజనీరు గీసిన పటం మీద పల్చటి గుడ్డ పరిచి, కింద కనపడే ప్రతి గీతనూ నల్ల సిరాతో గుడ్డ మీదికి దించేవాడు. ఆ గుడ్డకి గంజి దట్టంగా పట్టించి ఉంటుంది కాబట్టే అద్దంలాగా వెలుతురుని రానిస్తుంది. కాబట్టే నీళ్ళంటే దానికి చావు. ఒక్క చెమట చుక్క రాలితే చాలు, అక్కడ గంజి విడిచి, గుడ్డ తెల్లబారి, గీత ఊడిపోతుంది. పల్నాటి ఎండల్లో ఇరవయ్యారేళ్ళు గోపాలకృష్ణయ్య ఆ గుడ్డల మీద వంగి బతికాడు. చెమటకి సెలవు చీటీ రాసిచ్చి ఇంటి దగ్గర వదిలి వచ్చేవాడని ఆఫీసులో చెప్పుకునేవారు. మణికట్టుకి తువ్వాలు చుట్టుకునేవాడు, అంతే.

కుర్రతనంలో సర్వే పార్టీతో ఏటిపాడు వెళ్ళి, ఇళ్ళు కొలిచి వస్తూ వస్తూ ఒక ఇంటి పిల్లని కూడా తెచ్చుకున్నాడు. ఆ పిల్లే రామాయమ్మ. ఊరు నీళ్ళకిందికి పోయింది. ఒక మూల సిరా ఒలికిందని ఆఫీసు వద్దన్న ఆ ఊరి గుడ్డ పటం మాత్రం ఆయన పెట్టెలో మిగిలింది. వీధులు, ఇళ్ళు, చింతతోపు, ఏరు, అన్నీ ఆయన చేతి గీతలే.

రిటైరయ్యాక ఆయనకి రంగుల పిచ్చి పట్టింది. నలుపు తప్ప ముట్టని చెయ్యి కదా, ఒక్కసారిగా తెగించింది. శుభలేఖల మీది వినాయకుడికీ, క్యాలెండర్ మీది చిలక్కీ, ఆఖరికి ఎరువుల కంపెనీ కాగితం మీది ఎద్దుకీ రంగులు పడ్డాయి. ఆ ఎద్దు ఆకుపచ్చగా ఉండేది. "ముసలాడు మళ్ళీ ఒకటో తరగతిలో చేరాడే," అని రామాయమ్మ ఎగతాళి చేసేది. అప్పటికే ఎద్దు రంగు ఆమెకి సరిగ్గా కనపడేది కాదు.

ఎనభై ఆరు శ్రావణంలో గుంటూరు కళ్ళ డాక్టరు ఆమె కళ్ళలోకి లైటు వేసి చూసి, లైటు ఆర్పేసి, నరం ఎండిపోయిందన్నాడు. అద్దాలు లేవు, ఆపరేషన్ లేదు. దీపావళి దాకా చూపు ఉంటే ఉన్నట్టు. వెనకనుంచి వెలుతురు పడితే తప్ప ఇప్పుడామెకి ఏదీ ఆనదు. తిరుగు బస్సులో రామాయమ్మ ఒక్కటే అడిగింది.

"మా ఊరు చూపియ్యవయ్యా. రంగులతో."

మర్నాడే ఆయన మాచర్లలో ఫరీదు కొట్టు ముందు నిలబడ్డాడు. ఆకుపచ్చ ఎద్దుకి రంగులమ్మిన ఘనుడు ఈ ఫరీదే.

"రా బాబాయ్! ఈసారి ఎద్దా, గేదా?"

"ఊరు రా. ట్రేసింగు గుడ్డ మీద."

"ఊరికా? అయితే సున్నం బస్తాల కొట్టుకి పో." నవ్వి, ఫరీదు స్కెచ్ పెన్నుల ప్యాకెట్టు తీశాడు. "పన్నెండు రంగులు. గీస్తే కేక."

"దాన్లో ఉండేది నీళ్ళే. గుడ్డ తాగేసుద్ది."

"క్రేయాన్లు?"

"మైనం. వెలుతురుకి అడ్డం పడుద్ది."

"అయితే గుడ్డే మార్చు బాబాయ్. కార్ట్రిడ్జ్ పేపరు తీసుకో, బిందెడు నీళ్ళు పోసినా బెదరదు."

"వెలుతురు రాదుగా దాన్లోంచి."

"బటర్ పేపరు తీసుకో. బాగా వచ్చుద్ది."

గోపాలకృష్ణయ్య తన కుడిచెయ్యి చాపి చూపించాడు. రెండేళ్ళ నించీ అది దానంతటది ఊగుతూనే ఉంది. ఊరిని మళ్ళీ గీసే చెయ్యి కాదది. ఫరీదు ఎగతాళి ఆగిపోయింది. లోపలికెళ్ళి రంగు పెన్సిళ్ళ రేకు డబ్బా ఒకటి తెచ్చాడు.

"మా బావమరిది కువైట్ నించి పంపాడు. పొడిగా గీస్తే పెన్సిలు, తడి తగిల్తే వాటర్ కలరు. ఒక్క చుక్క చాలు బాబాయ్, రంగు లేచి కూర్చుంటది."

"చుక్క సంగతి నాకు చెప్పబాకు."

"మరి తడపనోడివి నీకెందుకిది?"

ఆయన డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి, డబ్బా చంకలో పెట్టుకున్నాడు. పెన్సిలు మొన మెత్తగా ఉంది, వణికే చేతికి అదే నయం అనుకున్నాడు. పొడిగానే వేస్తానని దారి పొడుగునా తనకి తనే ఒట్టు పెట్టుకున్నాడు.

నాలుగు రోజులు కూర్చుని వేశాడు. పెంకులకి ఎరుపు, తోపుకి ఆకుపచ్చ, ఏటికి నీలం. ఐదోరోజు మధ్యాహ్నం పడమటి కిటికీకి గుడ్డని పిన్నులతో బిగించి, ఎండ దానిమీదికి రాగానే రామాయమ్మని ముందు కూర్చోబెట్టాడు.

ఆమె ముక్కు తగిలేంత దగ్గరికి జరిగింది. "గీతలు ఆనుతున్నయ్. రంగేదయ్యా?"

"వేశానే. ఎర్రగా."

"బూడిద పూసినట్టుంది."

పెన్సిలు ఒత్తి రుద్దాడు. ఇంకా ఒత్తితే గుడ్డ చిరుగుతుంది. ఏం చేస్తే రంగు లేస్తుందో ఆయనకి తెలుసు. ఏం చేస్తే గుడ్డ పోతుందో ఆ డ్యాము కింద ఆయనకంటే తెలిసినవాడు లేడు. మందు సీసా మూతలో నీళ్ళు పోసి, అగ్గిపుల్లకి దూది చుట్టి, ఒకే ఒక్క ఇంటి మీద అద్దాడు.

ఎరుపు భగ్గుమంది.

"అదిగో! మా పెంకులు!" రామాయమ్మ లేచి నిలబడింది. "ఇదిగో మా వసారా. ఇక్కడ కూర్చునేగా నువ్వు మజ్జిగ తాగింది? పక్కది?"

ఆమె అడుగుతుండగానే ఆ ఇంటి చుట్టూ నల్లగీత లేచిపోతోంది. వెనక గుడ్డ తెల్లబారి వెలుతురు మూసుకుపోతోంది.

"ఇవాళ్టికి చాల్లేవే."

"పక్కది మా పెదనాన్నది. ఎయ్యి మరి."

"ఉండవే."

"ఎంతకాలం ఉండమంటావయ్యా, ఈ కన్నుతో?"

ఆయన దూది మళ్ళీ మూతలో ముంచాడు. పక్కిల్లు అద్దాడు. ఆ పక్కది అద్దాడు. అడిగిన ఇల్లల్లా ఒక్క క్షణం వెలిగి, ఆమె దాని పేరు చెప్పేలోగా తెల్లబడిపోయింది. గొడ్ల చావిడి పోయింది. చింతతోపు పోయింది. తువ్వాలు చుట్టుకోని చేతిమీంచి చెమట కూడా జారింది, దాన్నీ ఆపలేదు.

"ఇప్పుడు ఏరు చూపియ్యి," అంది రామాయమ్మ.

ఏరు గుడ్డకి ఆ చివర నించి ఈ చివర దాకా ఉంది. ఆయన దూదిని మూతలో ముంచి ఒక్క గీతగా లాగాడు. ఆమె "అబ్బ" అంది. అంతే, గుడ్డ మొత్తం సడలి, పిన్నుల్లోంచి జారి, ఆమె ఒళ్ళో పడింది.

రామాయమ్మ దాన్ని తడిమి చూసింది. "ఇంత మెత్తగా ఉందేందయ్యా?"

"పాతగుడ్డ కదే."

ఆమె దాని అంచుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ మర్నాడు ఉతికి ఆరేసింది. దీపావళి తర్వాత కూడా అదే గుడ్డతో ఒత్తుకునేది.

అర గ్లాసు నీళ్ళ కథ నాలుగు బస్సులు దాటి గురజాల చేరేసరికి గ్లాసు బిందె అయింది, ఊళ్ళు మూడయ్యాయి. ఎవరైనా ఎదురుపడి, "ఏం బాబాయ్, ఊరిని ముంచావంటగా?" అంటే మాత్రం గోపాలకృష్ణయ్య ఆగి, ఊగే చేతిని రెండో చేత్తో పట్టుకుని, ఒకటే చెప్పేవాడు.

"గ్లాసు కాదు, సీసా మూత. ముంచటమేంది? కనపట్లా అంది, తడిపాను."