బండమీద పెట్టిన చాకు

మొన్న ఒక ఆదివారం మా మనవరాలు ఫోను నా ముఖం ముందు పెట్టి ఒక వీడియో చూపించింది. ఎవరో విదేశీయుడు వీపున పెద్ద సంచీతో అడవిలోకి పోయి, జేబులోంచి మడత చాకు తీసి, కొమ్మలు కోసి, పుల్లలు చెక్కి, పొయ్యి రాజేసి, చివరికి ఒక కొయ్య గరిటె కూడా తయారుచేసుకొని దాంతోనే ఏదో కలుపుకొని తిన్నాడు. ఇట్లా బతకడం నేర్పించడానికి తరగతులు కూడా ఉన్నాయట. నాకు నవ్వొచ్చింది. మా కాలంలో దాన్ని గొర్రెల వెంబడి పోవడం అనేవాళ్లం. నవ్వు ఆగాక మాత్రం పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది, ఎందుకంటే ఆ మనిషి చేతిలోని చాకు అచ్చం మా మామ చాకులాగే ఉంది.

మాది విడపనకల్లు దగ్గర ఒక మెట్ట ఊరు. తొంభైల చివర్లో వరుసగా వేరుశనగ ఎండిపోయి, విత్తనాలకు కూడా దిక్కులేని ఏడు, నా భార్యను వెంటబెట్టుకొని ముదిగుబ్బ పక్కనున్న అత్తగారి ఊరు చేరాను. మామకు కొడుకులు లేరు, ఇద్దరూ కూతుళ్లే. పెద్ద గొర్రెల మంద, కొంచెం చీనీ, అంటే బత్తాయి, తోట ఉండేవి. పెద్దల్లుడిని కాబట్టి ఆయనకు చేదోడుగా ఉంటానని చెప్పుకున్నాను గానీ, ఊరి దృష్టిలో అది ఇల్లరికమే. ఇల్లరికపు అల్లుడి చెవులు మహా చురుకు, ఎవరు ఏ మాట అన్నా తనను గురించే అనుకుంటాడు. నేను అందులో నలుగురికంటే రెండాకులు ఎక్కువే చదివాను.

మామ ఆ చాకును వయసులో ఉన్నప్పుడు బళ్లారిలో కొన్నాడట. కొమ్ము పిడి, పిడి చివర ఇత్తడి కట్టు, రాతి మీద నూరీ నూరీ సగానికి అరిగిపోయిన రేకు. దానికి సన్నని తాడు కట్టి, ఒక కొస మొలతాడుకు ముడేసి, చాకును బనీను జేబులో వేసుకునేవాడు. పొద్దున వేపపుల్ల విరిచి కొస చెక్కడంతో దాని పని మొదలయ్యేది. గొర్రె కాలిగిట్టలో ముల్లు తీసినా, తుమ్మకొమ్మ కొట్టి మేకపిల్లకు అందించినా, తోటలో ఎండుపుల్ల కోసినా, డ్రిప్పు పైపు పగిలినచోట ముక్క కత్తిరించి అతికించినా, మధ్యాహ్నం రాగిసంగటికి ఉల్లిపాయ తరిగినా అదే చాకు. తాడు తెగితే కిత్తనార మట్ట కోసి, రాయి మీద గీకి నార తీసి, కూర్చున్నచోటే కొత్త తాడు పేనేవాడు. అంత చిన్న వస్తువుతో ఒక మనిషి ఎవరినీ ఏమీ అడక్కుండా రోజంతా గడపగలడని నేను అక్కడే చూశాను. అలాంటి చాకు నాకూ కావాలని, సూటిగా చెప్పాలంటే ఆ చాకే నాకు కావాలని, ఆశపడ్డాను.

పదునైన ఇనుము చేతినుంచి చేతికి ఇవ్వకూడదన్నది మీ ఇళ్లలోనూ ఉన్న నియమమే. కింద పెట్టాలి, అవతలివాడు తీసుకోవాలి, లేకుంటే ఇద్దరికీ పోట్లాట వస్తుందంటారు. మామ నా దగ్గర ఆ నియమం ఒక్కనాడూ తప్పలేదు. నేను చేయి చాపినా సరే, చాకు మడిచి బండమీద పెట్టి చేయి వెనక్కి తీసుకునేవాడు. దాన్ని నేనూ పట్టించుకోలేదు, నా తోడల్లుడు వచ్చేదాకా.

మా మరదలిని రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో కటింగ్ మాస్టరుకు ఇచ్చారు. అతను ఏడాదికి రెండు మూడుసార్లు, ఇస్త్రీ చొక్కా నలగకుండా బస్సు దిగేవాడు. మొదటిసారి తోటకు వచ్చినప్పుడే, చీనీపండు ఒలుచుకోవడానికి చాకు అడిగితే, మామ దాన్ని తెరిచి, పిడి అతనివైపు తిప్పి, తిన్నగా అరచేతిలో పెట్టాడు. తర్వాత కావాలనే గమనించాను. ప్రతిసారీ అంతే, అతనికి చేతిలో, నాకు బండమీద. అయినవాళ్ల మధ్య ఆచారాలు ఎవరు చూస్తారు, ఆచారమంతా పరాయివాళ్లకే కదా అని లెక్క వేసుకున్నాను. ఎండలో గొర్రెల వెనక తిరిగేది నేను, కొడుకు అతను. ఆ కుళ్లుతో ఎన్ని దినాలు అన్నం సయించలేదో నా భార్యకు తెలుసు.

పట్టుదలకు పోయి ముదిగుబ్బ సంతలో నేనూ ఒక చాకు కొన్నాను. తళతళ మెరిసేది గానీ లోపల బిగువు లేదు. ఒకనాడు కిత్తనార కోస్తుంటే అది ఉన్నట్టుండి మడుచుకొని నా చూపుడువేలు తెంపినంత పని చేసింది. మామ పరుగున వచ్చి గాయపాకు పసరు పిండి, తన తువ్వాలు చింపి కట్టు కట్టాడు. ఆ నొప్పిలో ఇన్నాళ్లూ దాచుకున్నది బయటపడింది.

"చిన్నల్లునికైతే చేతిలో పెడ్తావు, నాకైతే బండమీద పారేస్తావు. నేనేమన్నా జీతగాణ్ణా మామా?"

మామ కట్టు ముడి బిగించాడు. తర్వాత తన చాకు మడిచి, తాడు విప్పి, మళ్లీ ఆ బండమీదే పెట్టి, "ఇంగ ఈ చాకుతోనే కోసుకోప్పా," అని గొర్రెల దిక్కు నడిచాడు. నేను దాన్ని ముట్టుకోలేదు. సాయంత్రం ఆయనే వచ్చి, తీసుకొని, జేబులో వేసుకున్నాడు.

ఆ తర్వాతి కరువేళ్లలోనే మామ జబ్బుపడి పోయాడు. దినాలు అయిపోయిన మరుసటినాడు తోడల్లుడు, గుర్తుగా ఆ చాకు తీసుకోవచ్చా అని నన్నే అడిగాడు. తీసుకో, నీ చేతికి ఇచ్చిందే కదా అన్నాను. ఆ మాటలోని విషం అతనికి తెలియలేదు. వాళ్లు బస్సెక్కి పోయాక, వేరుశనగ కాయలు ఒలుస్తున్న అత్త తలెత్తకుండానే అడిగింది.

"దాన్ని యాల ఇస్తివి? నీకని పెట్టుకున్న్యాడు."

నాకెందుకు పెట్టుకుంటాడు, ఒక్కనాడన్నా చేతికి ఇచ్చినాడా అన్నాను. అత్త ఒలవడం ఆపింది.

"చిన్నోనితో పోట్లాట వస్తే వాడు రాయదుర్గం పోతాడు, నాకేం పోయె అంటాండె. పెద్దోనితో వస్తే నేను యాడికి పోవల్ల, ఈ ఇంట్లో నాకుండేది వాడొక్కడే గదా అంటాండె. నీకిచ్చేటప్పుడు మాత్రం బో భయపడ్తాండె."

ఆనాడు బండమీది చాకును నేను తీసుకోకపోతే ఆయన ఎంత దూరం ఆలోచించి, ఎంత బెంగపడి ఉంటాడో అప్పుడు తట్టింది.

కొన్నేళ్ల తర్వాత రాయదుర్గం పోయినప్పుడు, యూనిట్లో అతను ఆ చాకుతో ప్యాంట్ల దారాలు కోస్తున్నాడు. నా చొక్కా అంచున దారం వేలాడుతుంటే చూసి, "ఇందా అన్నా," అని చాకు నా చేతికి చాపాడు. నా చేయి వెనక్కి పోయింది. కింద పెట్టప్పా, తీసుకుంటాను అన్నాను. అతను వింతగా చూసి బల్లమీద పెట్టాడు. దారం కోసుకొని, కొమ్ము పిడిని ఒకసారి తడిమి, తిరిగి బల్లమీదే పెట్టాను. అడిగితే ఇచ్చేవాడే. అడగడానికి నాకు ముఖం లేదు.

ఇప్పుడు ఆ తోట లేదు, బోరు ఎండి చీనీచెట్లు పొయ్యిలోకి పోయాయి, మందను ఎప్పుడో అమ్మేశాం. జేబులో చాకు పెట్టుకునే మనిషి మా వీధిలో ఒక్కడు కూడా కనిపించడు, పార్సిలు వస్తే ఇంటి తాళంచెవితోనో పళ్లతోనో చింపుతారు. కూరగాయల కత్తి అడిగితే మా ఇంట్లో ఎవరైనా సరే తిన్నగా నా చేతిలో పెట్టి పోతారు. తప్పని నేను చెప్పను, నాతో పోట్లాట వస్తే ఎట్లా అని దిగులుపడేవాళ్లు ఇప్పుడు ఎవరున్నారు గనక. అట్లా దిగులుపడిన మనిషి నాకు ఒక్కడే ఉండేవాడు, ఆయన బతికి ఉన్నన్నాళ్లూ నేను కుళ్లుకుంటూ కూర్చున్నాను.