చీటీ చెప్పిందని బండోరన్ వెళ్ళాం

సముద్రం ఒడ్డున జూదమాడించే ఊరికి ప్రార్థన సంఘం పిక్నిక్ వెళ్ళవచ్చా, కూడదా? ఈ సంగతి తేల్చడానికి జులైలో ఒక శనివారం నన్నూ దానియేలు అంకుల్‌నీ ఐర్లండ్‌లో మేముండే ములింగార్ నుంచి బండోరన్ పంపారు. పంపింది మనుషులు కాదు, చీటీ.

మాది పద్దెనిమిది కుటుంబాల సంఘం. సగం మంది నాలాంటి నర్సులు, తక్కినవాళ్ళు వృద్ధుల ఆశ్రమాల్లో కేరర్లు, ఇద్దరు ముగ్గురు సాఫ్ట్‌వేర్ వాళ్ళు. ఆదివారం సాయంత్రం ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని కూడతాం. సంఘ పెద్ద దానియేలు అంకుల్. గుడివాడలో లెక్కల మాస్టారుగా పనిచేశారు. భార్య రత్నం ఆంటీకి ఇక్కడ కేరర్ ఉద్యోగం వస్తే ఆవిడ వెంట వచ్చారు. పాటల పుస్తకంలో ఏ నంబరు చెప్పినా పుస్తకం తెరవకుండా ఎత్తుకుంటారు. బైబిలు వాక్యం మాత్రం ముప్పావుగంట చెబుతారు. మధ్యలో సగం మంది ఫోన్లు చూసుకుంటారు, నేను కూడా.

మావాళ్ళకి ఏ విషయమైనా తెగకపోతే చీట్లు వేస్తారు. అంకుల్ చీట్లు రాసి మడత పెడతారు. ఆంటీ వంటగదిలోంచి స్టీలు గిన్నె తెచ్చి వాటిని అందులో వేస్తుంది. ప్రార్థన అయ్యాక ఆవిడే కళ్ళు మూసుకుని ఒకటి తీస్తుంది. పిక్నిక్ ఎక్కడికన్న ప్రశ్నకి అయిదేళ్ళుగా వస్తున్న జవాబు ఒకటే, లేక్. ములింగార్ పక్కనే ఉన్న లేక్. అక్కడి బాతులు కూడా మమ్మల్ని గుర్తుపడతాయి.

ఆంటీది బందరు దగ్గర సముద్రం ఒడ్డు. చుట్టూ నీళ్ళున్న దేశానికొచ్చి పధ్నాలుగేళ్ళయింది. ఇంతవరకూ సముద్రాన్ని విమానం కిటికీలోంచి తప్ప చూడలేదు. ఇద్దరికీ కారు నడపడం రాదు. అంకుల్ సంఘం లేకుండా ఎక్కడికీ కదలరు. సెప్టెంబరులో ఆవిడకి మోకాలి ఆపరేషన్. "కోసేలోపు నా సొంత మోకాళ్ళతో ఒక్కసారి ఇసకలో నడవాలే మెర్సీ," అంది నాతో. అందుకే ఈ ఏడాది నేనే బండోరన్ పేరెత్తాను.

ఎత్తగానే గొడవ. అమెరికాలో లాస్ వేగాస్ చూసొచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ తమ్ముడు, "అది ఐర్లండ్ లాస్ వేగాస్ అక్కా, ఊరంతా జూదం మిషన్లే," అన్నాడు. ఇంకేముంది, చీట్లు. సముద్రం అని ఒకటి, లేక్ అని ఒకటి వేశామన్నారు అంకుల్. ఆంటీ తీసిన దాంట్లో ఆ రెండూ లేవు. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో "వెళ్ళి చూసి రండి. మెర్సీ కూడా. శనివారం" అని ఉంది. అంకుల్ చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చదివి, కుర్చీలో కూర్చుండిపోయారు. నాకు ఆ శనివారం ఆఫ్ అని ఆంటీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. దేవుడు డ్యూటీ రోస్టరు కూడా చూస్తాడు కాబోలు అనుకున్నాను.

పొద్దున తొమ్మిదింపావు ప్రాంతంలో ములింగార్‌లో స్లైగో రైలెక్కాం. వెళ్ళదలచుకున్నవాళ్ళు టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి, తక్కువకి వస్తాయి. ఎడమవైపు కూర్చుంటే కాసేపు నీళ్ళు కనిపిస్తాయంటారు. అంకుల్ కుడివైపు కూర్చుని నోటుబుక్కులో గళ్ళు గీశారు. మరుగుదొడ్లు, పార్కింగు, వానొస్తే తలదాచుకునే షెడ్డు, పాపం. పాపం గడి అన్నిటికన్నా వెడల్పుగా ఉంది.

ఎదుటి సీట్లో కుక్కతో ప్రయాణిస్తున్న ముసలాయన ఎక్కడికని అడిగాడు. చెప్పాను.

"బండోరనా? గ్రాండ్ ప్లేస్. మా ఆవిడకి ఉంగరం తొడిగింది అక్కడే," అన్నాడు.

"అక్కడ జూదం బాగా ఉంటుందటగా?" అని అంకుల్ ఆయన్ని నిలదీశారు.

"ఆ ఉంగరం కూడా మిషన్‌లో గెలిచిందే," అన్నాడాయన. అంకుల్ పాపం గడిలో మొదటి గీత గీశారు. ఊరు ఇంకా వంద మైళ్ళుంది.

పదకొండు దాటాక స్లైగోలో దిగాం. బస్సు స్టేషన్ పక్కనే. బస్సులో మా ముందు సీట్లో ఇద్దరు పెద్దావిడలు కూర్చున్నారు. జుట్టు చక్కగా సెట్ చేయించుకున్నారు. ఒళ్ళో చెరొక చిన్న దిండు, సంచిలో ఫ్లాస్కు. పెద్దావిడ పేరు బెర్నీ. పదేళ్ళుగా ప్రతి శనివారం తప్పకుండా వెళ్తున్నామని, తన మొగుడు చనిపోయిన వారం కూడా మానలేదని చెప్పింది.

"కుర్చీలు గట్టిగా ఉంటాయి, అందుకే దిండ్లు," అంది. "కానీ మధ్యలో ఎవరూ లేవరు."

ఏం చేయడానికని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అంకుల్ నా వైపు వంగి, "చూశావా అమ్మా, ఎంత నమ్మకమైన మనుషులో. మనవాళ్ళు వాన పడితే రారు," అన్నారు. కిటికీలోంచి బల్లపరుపుగా కోసినట్టున్న పెద్ద కొండ కనిపించింది. నేను ఫోటోలు తీసుకున్నాను. ఆయన కొండని చూడనేలేదు.

పన్నెండున్నరకి బండోరన్. ఊరంటే ఒకే పొడుగాటి వీధి. దాని వెనకే సముద్రం. జూదం మిషన్లున్న హాళ్ళు నిజంగానే ఉన్నాయి. రంగు బల్బులు పట్టపగలు వెలుగుతున్నాయి. అంకుల్ ప్రతి గుమ్మం ముందూ ఆగి, లోపలికి తొంగిచూసి, గీత గీసుకున్నారు. ఒక హాల్లో గాజుపెట్టెలోని బొమ్మకోతిని మిషన్ ఇనప గోళ్ళతో ఎత్తబోయి ఒక తండ్రి పదోసారి ఓడిపోతున్నాడు. పక్కన కూతురు తండ్రిని ఓదారుస్తోంది. "ఇది జూదం కింద రాయాలా, దుఃఖం కింద రాయాలా?" అని అంకుల్ నన్నడిగారు. దుఃఖానికి గడి లేదన్నాను.

చిప్స్ కొనుక్కుని బీచ్ మెట్లు దిగాం. గాలికి చిప్స్ మీది వెనిగర్ నా కళ్ళలో పడింది. నల్లరబ్బరు బట్టలేసుకున్న కుర్రకారు సర్ఫింగ్ పలకల మీద అలల్లో పడి లేస్తున్నారు. అంకుల్ బూట్లతోనే ఇసకలో నాలుగడుగులు వేసి ఆగిపోయారు.

"షెడ్డు లేదు," అన్నారు. "బూట్లలోకి ఇసక పోయింది."

ఆంటీకి వీడియో కాల్ చేద్దామన్నాను. డ్యూటీలో ఉంటుంది, వద్దన్నారు. నాకు ఒళ్ళు మండింది. వార్డులో నూట నాలుగు జ్వరంతో వచ్చినవాళ్ళు కూడా ఇంత మొండికేయరు. రిపోర్టు ఎలా రాయబోతున్నారో అర్థమైపోయింది. ఆంటీకి మళ్ళీ లేక్, మళ్ళీ బాతులు.

రెండింటికి నేను తిరుగు బస్సు వేళలు కనుక్కోవడానికి వెళ్ళాను. వచ్చేసరికి అంకుల్ లేరు. ఫోను ఎత్తలేదు. వీధి ఈ చివర నుంచి ఆ చివరకి వెతికాను. అరవై రెండేళ్ళ మనిషి పరాయి ఊళ్ళో ఎటు పోయారోనని నిజంగానే భయపడ్డాను. పావుగంట తర్వాత ఒక హాలు వెనకభాగంలో, మిషన్ల అవతల, పెద్ద గదిలో దొరికారు.

అక్కడ ముప్ఫై మంది దాకా పెద్దవాళ్ళు వరసల్లో కూర్చున్నారు, అందరి తలలూ వంగి ఉన్నాయి. ఎత్తయిన కుర్చీలోంచి ఒకాయన మైకులో నంబర్లు చెబుతున్నాడు. సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. బెర్నీ పక్కన, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, అంకుల్.

ఏం జరిగిందో తర్వాత చెప్పారు. బెర్నీ దిండుతో లోపలికి వెళ్ళడం చూసి, శనివారం కూటమేమో, ఈ పాపపు వీధిలో దీపంలా వెలుగుతోందనుకుని వెనకే వెళ్ళారట. నంబర్లు వినగానే పాటల నంబర్లే అనుకున్నారట. ఇరవై మూడు, అరవై, పదకొండు. ప్రతి నంబరుకీ ఆయన లోపల్లోపల పాట మొదలుపెట్టడం, ఎవరూ పాడకముందే మైకాయన ఇంకో నంబరు చెప్పేయడం. "పాడకుండా ఇన్ని పాటలెందుకమ్మా?" అని అప్పటికీ అనుమానం వచ్చిందట. ఈలోపు బెర్నీ ఆయన ముందున్న నంబర్ల పలక చూపించి, నంబరు చెప్పినప్పుడల్లా దాని మీది మూత జరపమంది. పెద్దావిడ మాట తీసేయలేక జరిపారు. చందా అనుకుని నాణేలు కూడా వేశారు.

నేను వెళ్ళి భుజం మీద చెయ్యి వేసేసరికి బెర్నీ ఆయన్ని మోచేత్తో పొడుస్తోంది. "నీకు వచ్చేసింది నాన్నా, గట్టిగా అరువు."

మా సంఘంలో ఎవరికైనా ఏదైనా వస్తే అరవరు, లేచి నిలబడి సాక్ష్యం చెబుతారు. అంకుల్ లేచి నిలబడ్డారు. చెయ్యెత్తి, "ప్రైజ్ ద లార్డ్," అన్నారు.

మైకాయన పలక సరిచూడమన్నాడు. సరిగ్గా ఉంది. గదంతా చప్పట్లు. ఆ ఆట పెద్ద బహుమతి ఎలక్ట్రిక్ కెటిల్. అప్పుడు గాని ఆయన చుట్టూ చూడలేదు. గోడ మీద బింగో అని మనిషంత అక్షరాలున్నాయి, మన దగ్గర హౌసీ అనే నంబర్ల జూదం. కెటిల్ వద్దు, వెనక్కి తీసుకోండి అని బతిమాలారు. న్యాయంగా గెలిచారు, వద్దంటే పెద్ద ఎలుగుబంటి బొమ్మ ఇస్తామన్నారు హాలువాళ్ళు. ఎలుగుబంటిని సంఘంలోకి తీసుకెళ్ళడం ఊహించుకుని అంకుల్ కెటిల్‌కే ఒప్పుకున్నారు. మా సంఘం కెటిల్ మూత విరిగి ఆరు నెలలైంది. కొత్తది కొనాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.

నాలుగున్నర బస్సు, స్లైగోలో టీ, ఆరింటి రైలు. అంకుల్ ఒళ్ళో కెటిల్ డబ్బా.

"రేపు సాక్ష్యంలో చెప్పాలి," అన్నారు చివరికి.

"చెప్పకండి అంకుల్. సంఘ పెద్దనే పడగొట్టిన ఊరు అంటారు. ఇక జన్మలో ఎవరూ వెళ్ళనివ్వరు. ఆంటీ సంగతి ఆలోచించండి ఒకసారి."

"చెప్పాల్సింది అదొక్కటే అయితే బాగుండేదమ్మా." కిటికీలోకి చూస్తూ అన్నారు. "ఆ గదిలో ఒక్కడు మాట్లాడుతుంటే అంతమంది తలెత్తకుండా విన్నారు. ఇన్నేళ్ళలో నా వాక్యం ఎవరన్నా అలా విన్నారా? సముద్రానికి తీసుకెళ్తే ఆ కాస్తా వినరు, అందరూ నీళ్ళలోకి పరిగెత్తుతారు. లేక్ దగ్గరైతే షెడ్డుంది. అందుకని..." ఆగారు. "అయిదేళ్ళుగా అన్ని చీట్ల మీదా లేక్ అనే రాస్తున్నాను. ఈసారి కూడా రెండూ అవే. ఆ మూడోది నేను రాయలేదు మెర్సీ. అది చదివినప్పుడు దేవుడు పట్టుకున్నాడనుకున్నాను."

కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఒళ్ళో కెటిల్ పెట్టుకుని ఏడుపు ఆపుకుంటున్న లెక్కల మాస్టారిని ఏం తిడతాం? నోటుబుక్కు అడిగి తీసుకుని ఖాళీ గళ్ళు నేనే నింపాను. మరుగుదొడ్లు శుభ్రం. పార్కింగు ఉంది. షెడ్డు లేదు, గొడుగులు తెచ్చుకోవాలి. జూదం ఉంది, తలుపు తోసుకుని వెళ్తేనే ఉంది. సముద్రం మాత్రం తలుపు లేకుండా ఉంది. చూడదగ్గ ఊరు.

ఎనిమిదింటికి ములింగార్‌లో దిగేసరికి ఇంకా ఎండ ఉంది. డ్యూటీ దుస్తుల్లోనే ఆంటీ స్టేషన్‌కి వచ్చింది. మోకాలి మీద చెయ్యి వేసుకుని బెంచీ మీద కూర్చునుంది. అంకుల్ ఆవిడ ముందు నిలబడి కెటిల్ సంగతి చెప్పారు. తర్వాత చీట్ల సంగతి కూడా చెప్పేశారు, తల వంచుకుని.

ఆంటీ కంగారు పడలేదు. "మొదటి ఏడాదే తెలిసిందండీ. గిన్నె కడిగేది నేనే కదా. అడుగున మిగిలిన చీటీ విప్పితే దాని మీదా లేక్ అనే ఉంది."

"అయిదేళ్ళూ తెలిసి ఊరుకున్నావా రత్నం?"

"మీరే చెబుతారని చూశాను. ఈ ఏడాది మోకాళ్ళు ఆగలేదు."

అంకుల్‌కి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "అయితే ఆ మూడో చీటీ..."

ఆంటీ ఆయన వైపు చూడకుండా డబ్బా తెరిచి కెటిల్ మూత ఎత్తి చూసింది. "ఇది ఎంతమందికి సరిపోతుందో," అంది. తర్వాత నెమ్మదిగా, "అక్కడి ఇసక ఎలా ఉందండీ?" అని అడిగింది.

ఆయన ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చుని, కుడికాలి బూటు విప్పి, ఆవిడ అరచేతిలో దులిపారు.

మర్నాడు అంకుల్ లేచి నిలబడి రెండు సంగతులూ ఉన్నవున్నట్టు చెప్పారు. పద్దెనిమిది కుటుంబాల్లో ఒక్కరు కూడా ఫోను చూడలేదు. ఆగస్టులో బండోరన్ వెళ్తున్నాం. ఈసారి చీట్లు వేయలేదు.