మోగని మెయిల్

ఆమె చేవెళ్లలో ఆఫీసు బస్సెక్కేది, నేను మొయినాబాద్‌లో. మా కంపెనీ మెయిల్ యాప్‌కు ఆమె డిజైనర్, నేను ప్రోగ్రామర్‌ని. ఏ మెయిల్ చూపించినా ఆమె అడిగేది ఒకటే: “ఇది ఇప్పుడే చూడాల్నా అన్నా?”

అంతకుముందు ప్రతి మెయిల్‌కూ మోగే యాప్‌ను కూడా అలాగే మార్చి గీసింది. మెయిళ్లు రోజుకు మూడుసార్లే కనపడేవి, మధ్యలో ఫోన్ మోగేది కాదు. వాళ్ల ఊరి టీచరమ్మకు వాడి చూడమని ఇచ్చింది. “పరీక్ష పేపర్లన్నీ కూసున్నకాడికెల్లి లేవకుంట దిద్దిన బిడ్డా” అని టీచరమ్మ మురిసిపోయిందట.

యాప్ అందరికీ వెళ్లాక, ఒక మీటింగులో మేనేజరు, జనం యాప్ తెరవడం తగ్గిందన్నాడు. ప్రతి మెయిల్‌కూ మోగాలి, ఆపే వీలు కూడా ఉండొద్దన్నాడు. ఆమె నా వైపు తిరిగి మెల్లగా, “నువ్వన్నా జర చెప్పన్నా” అంది.

ఆమెదే సరైన మాటని నాకు తెలుసు. అయినా తల దించుకుని కూర్చున్నాను. ఆ సాయంత్రం మోత మళ్లీ పెట్టింది నేనే.

వారం తర్వాత, ఇంటికి వెళ్తుంటే, బస్సులో ఆమె తన ఫోన్ నా చేతికిచ్చింది. టీచరమ్మ రాసింది: “మల్ల మోగుతున్నది బిడ్డా. ఎట్ల ఆపాలె?”

“ఏమని రాయాలన్నా?” అని అడిగింది.

మొయినాబాద్ వచ్చింది. ఫోన్ ఆమెకిచ్చేసి దిగిపోయాను.